ఇత్తడి కేసుల అనీలింగ్: మంట మెషీనా, ఇండక్షనా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను. రెండేళ్లుగా ఇంట్లోనే రీలోడింగ్, అంటే పేలిన రైఫిల్ తూటాల ఇత్తడి గొట్టాల్ని (కేసుల్ని) మళ్లీ నింపుకోవడం, చేసుకుంటున్నాను. 6.5 క్రీడ్‌మోర్ కేసులు రెండొందలు, 223 రెమింగ్టన్ కేసులు మూడొందలు ఉన్నాయి. క్రీడ్‌మోర్‌లో ఆరో ఫైరింగ్ తర్వాత ఏడు కేసులకి నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి మెడ) నిలువునా చీలింది. సైజింగ్‌లో, అంటే పేలి ఉబ్బిన కేసుని డై అనే అచ్చులో నొక్కి సరిచేసేటప్పుడు, షోల్డర్ (నెక్ కింద వాలుగా ఉండే భాగం) 0.002 అంగుళం వెనక్కి జరిగేలా డై పెట్టాను. కొలిచి చూస్తే కొన్ని అసలు కదల్లేదు, కొన్ని 0.003 దాకా పోయాయి. అనీలింగ్ కోసం, అంటే నెక్ ఇత్తడిని వేడితో మెత్తబరచడానికి, డ్రిల్లుకి సాకెట్ బిగించి చేతి టార్చ్‌తో కొన్ని కాల్చి చూశాను గానీ నమ్మకం కుదర్లేదు. రేంజ్‌లో తెలిసినాయన ఏఎమ్‌పీ అనే ఇండక్షన్ మెషీన్ (మంట లేకుండా కరెంటుతో వేడిచేసేది) కొనమంటున్నారు. అది పదిహేను వందల డాలర్లకి తక్కువ రాదు. మంట మెషీన్లు అందులో మూడో వంతు ధరకే కనిపిస్తున్నాయి. కరిగిన ఉప్పులో ముంచే పద్ధతి ఇంకా చవకంటున్నారు. ఏది కొనాలి? నెక్ ఎర్రగా కాలాలా? కాలగానే నీళ్లలో వేయాలా?

సమాధానం: మీ కేసుల లెక్కకి తొట్టిలోంచి ఒక్కో కేసునీ తనే అందుకుని తిప్పుతూ కాల్చే ఒంటి టార్చ్ మెషీన్ సరిపోతుంది. అనీలీజ్, జిరౌడ్ ఆ కోవలోవే. ఏఎమ్‌పీ మంచి మెషీను, అందులో అనుమానం లేదు. కానీ మీరు రాసిన రెండు ఇబ్బందులూ తీరడానికి అంత డబ్బు అక్కర్లేదు. మెషీన్ పని ఒక్కటే: మొదటి కేసుకి తగిలిన వేడే మూడొందలో కేసుకీ తగలాలి. ఎంత వేడి తగలాలో మాత్రం మీరే తేల్చి పెట్టాలి. మంట మెషీన్‌కి ఆ సంగతి తెలీదు. అందుకని ముందు వేడి గురించి చూద్దాం.

కేసు ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఉక్కుని కాల్చి ముంచితే గట్టిపడుతుంది, ఇత్తడి అలా గట్టిపడదు. నొక్కినా, సాగదీసినా, కొట్టినా గట్టిపడుతుంది, కాలిస్తే మెత్తబడుతుంది. ఈ రెండు దారులే దానికి తెలుసు. బిందెలు చేసే కంచరివాళ్లు రేకుని కాసేపు కొట్టి మళ్లీ కొలిమిలో పెట్టేది ఇందుకే. తూటా పేలినప్పుడు మీ కేసు నెక్ చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడ దాకా విప్పారుతుంది. సైజింగ్ డైలో ముడుచుకుంటుంది. డై లోపలుండే ఎక్స్‌పాండర్ బంతి పైకి వస్తూ దాన్ని మళ్లీ తెరుస్తుంది. బుల్లెట్ దిగేటప్పుడు ఇంకొంచెం తెరుచుకుంటుంది. ఒక్క లోడింగ్‌కే ఇన్నిసార్లు అటూ ఇటూ కదులుతుంది. ఆరు లోడింగులయ్యేసరికి ఇక సాగే గుణం లేక చీలుతుంది.

షోల్డర్ కొలత తేడాగా రావడానికీ మూలం చాలావరకు ఇదే. గట్టిపడ్డ ఇత్తడి డైలోంచి బయటికి రాగానే స్ప్రింగులా కొంత పాత ఆకారానికి తిరిగొస్తుంది. ఏ కేసు ఎంత గట్టిపడిందో దాన్నిబట్టి అలా తిరిగొచ్చే కొలత మారుతుంది. చాలావరకు అని ఎందుకన్నామంటే, సైజింగ్ లూబ్ (డైలో ఇరుక్కోకుండా కేసుకి పూసే జిడ్డు) ఒక కేసుకి పల్చగా, ఇంకోదానికి మందంగా పట్టినా షోల్డర్ ఇలాగే ఆడుతుంది. అనీలింగ్ చేశాక కూడా తేడా తగ్గకపోతే ముందు లూబ్‌ని అనుమానించండి.

ఇక వేడి. పాత పుస్తకాల్లో, పెట్టెల మీద 750 డిగ్రీల ఫారెన్‌హీట్ అని కనిపిస్తుంది, అంటే సుమారు 400 సెంటీగ్రేడ్. ఆ వేడిలో నిమిషాల తరబడి ఉంచితే ఇత్తడి మెత్తబడే మాట నిజమే. కానీ కేసుని నిమిషాల తరబడి ఉంచలేం, వేడి అడుగుకి పాకిపోతుంది. మన చేతిలో ఉన్నది నాలుగైదు సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో పని అవ్వాలంటే నెక్ 500 సెంటీగ్రేడ్ దాటి 550 చుట్టుపక్కలకి వెళ్లాలి. కాబట్టి 750 ఫారెన్‌హీట్‌ని తాకితే పనైపోయినట్టు కాదు, పని మొదలయ్యే చోటుకి చేరినట్టు. చాలామంది అక్కడే ఆపేసి, అనీలింగ్ చేశాం కదా, తేడా ఏం కనబడలేదేంటని అడుగుతుంటారు. నెక్ మీద రంగు మారింది తప్ప లోపలేం జరగలేదు.

నెక్‌కి వేడి ఎంత అవసరమో, అడుగుకి తగలకుండా చూడటం అంతకంటే ముఖ్యం. పేలుడు పీడనాన్ని ఆపేది కేసు అడుగు భాగమే. 6.5 క్రీడ్‌మోర్‌కి సామీ (తూటాల ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) పెట్టిన గరిష్ఠ పీడనం 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 223 రెమింగ్టన్‌కి 55,000. అడుగులో కొంత మేర చాంబర్ గోడ ఆసరా కూడా ఉండదు. అక్కడ ఇత్తడి మెత్తబడితే కేసు ఉబ్బి పగులుతుంది, గ్యాస్ బోల్టు దారిన వెనక్కి, మీ మొహం వైపు వస్తుంది. అడుగు 250 సెంటీగ్రేడ్ దాటకూడదని గుర్తుంచుకోండి. ఒకసారి మెత్తబడిన అడుగుని బాగుచేసే మార్గం లేదు. అలాంటి కేసుని ప్లయర్స్‌తో నలిపి తుక్కులో పడేయాలి, ఇంకోసారి పొరపాటున చేతికి రాకుండా.

నెక్ ఎర్రగా కాలాలా అని అడిగారు. దీనికి జవాబు వెలుతురుని బట్టి ఉంటుంది. ఏ లోహమైనా కంటికి కనిపించేలా మెరవడం మొదలెట్టేది సుమారు 525 సెంటీగ్రేడ్ దగ్గర, అదీ చీకట్లో. అంటే మనకి కావలసిన వేడీ, చీకట్లో తొలి మెరుపూ దాదాపు ఒకేచోట కలుస్తాయి. గ్యారేజీ తలుపు మూసి, లైట్లార్పి చూసినప్పుడు కేసు మూతి దగ్గర కనీకనబడని మసక ఎరుపు వస్తే చాలు, అక్కడ ఆపాలి. ట్యూబులైటు కింద అదే ఎరుపు కోసం ఎదురుచూస్తే ఈలోగా వంద డిగ్రీలకి పైనే ఎక్కిపోతుంది. ఒకరు ఎర్రగా కాల్చాలంటారు, ఇంకొకరు ఎర్రబడితే పాడైనట్టే అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు, ఎవరు ఏ వెలుతురులో చూశారో చెప్పరంతే.

ఇంకో గుర్తు మంటలోనే ఉంది. కేసుని దాటి అవతలికి పోయే నీలి మంట నారింజ రంగులోకి తిరిగిందంటే ఇత్తడి ఉపరితలం అతిగా కాలుతోందన్నమాట. అది కనబడిన క్షణం కంటే కొంచెం ముందే కేసు కింద పడేలా మెషీన్ వేగం ఉండాలి.

నెక్ మీద వచ్చే నీలి, ఊదా చారని మాత్రం సాక్ష్యంగా తీసుకోవద్దు. కేసు ఎంత శుభ్రంగా ఉంది, పాత లూబ్ మరకలున్నాయా, లైటు ఎటునుంచి పడుతోంది అన్నదాన్నిబట్టి ఆ రంగు మారుతుంది. లేక్ సిటీ మిలిటరీ కేసులకీ, లపువా కేసులకీ కొత్తగా ఉన్నప్పుడే ఆ చార ఉంటుంది. మిగతా కంపెనీలు చాలావరకు దాన్ని పాలిష్ చేసి తీసేస్తాయి.

మెషీన్ల దగ్గరికి వద్దాం.

ఉప్పు పద్ధతిని మేము వద్దనే చెబుతాం. పొటాషియం, సోడియం నైట్రేట్‌ల మిశ్రమాన్ని ఎలక్ట్రిక్ పాత్రలో 500 నుంచి 550 సెంటీగ్రేడ్ దాకా కరిగించి, నెక్‌ని కొన్ని సెకన్లు ముంచుతారు. వేడి కొలత ఖచ్చితంగా తెలుస్తుంది, ఖర్చు తక్కువ, దాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ తడి ఉన్న కేసు ఒక్కటి అందులోకి దిగితే నీరు ఒక్కసారిగా ఆవిరై ఆ ఉప్పుని నలుదిక్కులా చిమ్ముతుంది. నైట్రేట్ స్వయంగా మంటని ఎగదోసే పదార్థం, లూబ్‌లాంటి జిడ్డు పడినా ప్రమాదమే. ఆ తర్వాత కేసులు కడగాలి, ఆరబెట్టాలి. రీలోడింగ్ పౌడర్ ఉన్న గదిలో ఇలాంటిది పెట్టుకోవడంలో అర్థం లేదు.

డ్రిల్లు, సాకెట్ పద్ధతి తప్పుకాదు. నెలకి యాభై కేసులవాళ్లకి అదే మేలు. మీకు నమ్మకం కుదరకపోవడానికి కారణం బహుశా సెకన్ల లెక్క. మనసులో ఒకటి, రెండు అనుకుంటూ పోతే అర సెకను ఇటూ అటూ పోతుంది. మొత్తం ఐదు సెకన్ల పనిలో అది పది శాతం. ఫోన్‌లో మెట్రోనోమ్ (సమంగా టిక్కుమనే తాళం యాప్) పెట్టుకుంటే చాలావరకు దారికొస్తుంది. అయినా ఐదొందల కేసులు చేత్తో చేయడం విసుగు పని, విసుగు వచ్చాక కొలత తప్పడం ఖాయం.

మంట మెషీన్లలో రెండు రకాలు. ఒకదాంట్లో తిరిగే డ్రమ్ము కేసుల్ని తొట్టిలోంచి ఒక్కొక్కటిగా తెస్తుంది. కేసు తన చుట్టూ తాను తిరుగుతూ మంట ముందు కాలి, కింద ట్రేలో పడుతుంది. రెండోదాంట్లో, బెంచ్ సోర్స్ లాగా, గుండ్రటి పళ్లెం కేసుని రెండు టార్చ్‌ల మధ్యకి తెచ్చి కాసేపు ఆపుతుంది, కేసు అక్కడే తిరుగుతుంది. రెండు టార్చ్‌లున్నంత మాత్రాన మెరుగనుకోవద్దు. కేసు సరిగ్గా తిరుగుతుంటే ఒక్క మంట చుట్టూ సమానంగానే కాలుస్తుంది, పైగా రెండు మంటల్ని ఒకే బలానికి తేవడం ఒకదాన్ని నిలబెట్టడం కంటే కష్టం. కేసుకి ఆరు సెకన్లు పట్టినా డ్రమ్ము మెషీన్ గంటకి ఆరొందలు చేస్తుంది. అంటే మీ మొత్తం నిల్వ ఒక్క పూట పని.

మంటకి ఉన్న అసలు బలహీనత, అది పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉండదు. చిన్న ప్రొపేన్ డబ్బా వాడుతుంటే గ్యాస్ ఆవిరయ్యే కొద్దీ డబ్బా చల్లబడుతుంది, పీడనం పడిపోతుంది, మంట సన్నగిల్లుతుంది. మొదటి యాభై కేసులు సరిగ్గా కాలి, రెండొందలోది అరకొరగా కాలిందంటే కారణం ఇదే. రెగ్యులేటర్ ఉన్న టార్చ్ కొనండి. వీలైతే బార్బెక్యూ గ్రిల్లుకి వాడే 20 పౌండ్ల సిలిండర్‌కి తగిన హోస్, రెగ్యులేటర్‌తో కలపండి. పెద్ద సిలిండర్ అంత త్వరగా చల్లబడదు. రెండో శత్రువు గాలి. టెక్సస్ ఎండల్లో గ్యారేజీలో ఫ్యాన్ లేకుండా నిలబడటం కష్టమే గానీ, ఆ ఫ్యాన్ గాలి మంటని పక్కకి నెట్టిందంటే మీరు పెట్టిన సెకన్లకి అర్థం ఉండదు. తలుపు తెరిచి ఉంచండి, ఫ్యాన్ మెషీన్ వైపు తిప్పొద్దు, పొద్దున్నే చల్లని వేళ పని ముగించండి.

ఇండక్షన్ మెషీన్‌లో మంట లేదు. కాయిల్‌లో పారే వేగంగా మారే కరెంటు, ఇత్తడిలోనే కరెంటు పుట్టించి దాన్ని లోపలినుంచి వేడెక్కిస్తుంది. గ్యాస్ పీడనం, గాలి లాంటి తలనొప్పులుండవు, ఇంట్లో బల్ల మీదే చేసుకోవచ్చు. న్యూజిలాండ్‌లో తయారయ్యే ఏఎమ్‌పీ ఇంకో అడుగు ముందుకేసింది. మీ లాట్‌లోంచి (ఒకే తయారీ విడతలో వచ్చిన కేసుల్లోంచి) ఒక కేసుని బలి ఇస్తే, దాన్ని కాల్చి చూసి ఆ లాట్‌కి ఎంత శక్తి కావాలో తనే లెక్కగట్టి ఒక కోడ్ ఇస్తుంది. ఆ తర్వాత ప్రతి కేసుకీ అదే మోతాదు. ఒకే క్యాలిబర్‌లో నాలుగైదు కంపెనీల కేసులు, అరడజను రైఫిళ్లు, ఏటా మారే లాట్లు ఉన్నవాళ్లకి ఈ ఒక్క సౌకర్యానికే ఆ డబ్బు చెల్లుతుంది. మీకున్నవి రెండు క్యాలిబర్లు. రెండు సెట్టింగులు ఒకసారి తేల్చి కాగితం మీద రాసుకుంటే సరిపోయే పని.

ఏఎమ్‌పీతో ఇంకో సంగతి, మెషీన్ ఒక్కటే కొంటే కేసుల్ని ఒక్కొక్కటే చేత్తో పెట్టి తీయాలి. కేసుకి పది సెకన్లు వేసుకున్నా మీ ఐదొందలకి గంటన్నర దగ్గరపడుతుంది. ప్రతి క్యాలిబర్‌కీ తగిన పైలట్ విడిగా కొనాలి. కేసు కాయిల్‌లో ఎంత లోతుకి దిగుతుందో నిర్ణయించేది ఆ పైలటే. కేసు కాస్త పైకో కిందికో ఉంటే వేడి చేరే చోటే మారిపోతుంది. అందుకే కేసులు ట్రిమ్ చేసి ఒకే పొడవులో ఉంచుకోవాలి.

ఇంట్లో తయారుచేసుకునే ఇండక్షన్ మెషీన్ల వీడియోలు కూడా మీ కంటపడే ఉంటాయి. 48 వోల్టుల పవర్ సప్లైకి ఇంటర్నెట్‌లో దొరికే జడ్‌వీఎస్ బోర్డు (కాయిల్‌ని నడిపే సర్క్యూట్) కలిపి, రాగి గొట్టం కాయిల్ చుట్టి, టైమర్ పెడతారు. ఎలక్ట్రానిక్స్ వచ్చినవాళ్లకి బాగానే పనిచేస్తుంది. ఈ బోర్డుల్లో ఒక గుణం ఉంది: సప్లై వోల్టేజీ నెమ్మదిగా పెరిగినా, లోడు పడగానే కుంగినా, కరెంటుని మార్చి మార్చి పంపే రెండు మాస్‌ఫెట్ స్విచ్చులూ ఒకేసారి ఆన్ అయి కాలిపోతాయి. సప్లై ముందే నిలదొక్కుకుని ఉండాలి, కేసు వచ్చాక రిలేతో బోర్డుకి కరెంటు ఇవ్వాలి. ఈ వాక్యం చదవగానే చేతులు దురద పెట్టినవాళ్లే ఆ దారి పట్టాలి, మిగతావాళ్లకి అది డబ్బు ఆదా కాదు.

మంట మెషీన్ కొనేటప్పుడు నాలుగు విషయాలు చూసుకోండి. వేగం తిప్పే నాబ్ మీద అంకెలుండాలి, పోయిన నెల పెట్టిన చోటే మళ్లీ పెట్టగలగాలి. అంకెలు లేకపోతే కనీసం మార్కరుతో గీత పెట్టుకునే వీలుండాలి. టార్చ్ పట్టే క్లాంపు గట్టిగా ఉండాలి. హోస్ బరువుకి మంట ఒక వెంట్రుకవాసి కిందికి జారినా నెక్ బదులు కేసు నడుం కాలుతుంది. క్రీడ్‌మోర్, 223 రెండూ ఒకే చక్రంతో నడుస్తాయా, లేక 223కి వేరే భాగం కొనాలా అని అమ్మేవాళ్లని అడగండి. సన్నటి 223 కేసు పెద్ద గాడిలో పడితే తిరగకుండా జారుతుంది, ఒక పక్కే కాలుతుంది. ఇంకోటి, టార్చ్ ధర చాలా మెషీన్లలో కలిసి ఉండదు. మిగిలిన డబ్బుతో టెంపిలాక్ సీసాలు రెండు కొనండి, ఒకటి 750, ఇంకోటి 450 ఫారెన్‌హీట్‌ది. దాని మీద రాసిన వేడికి కరిగే పెయింటు అది.

మెషీన్ వచ్చాక సెట్టింగ్ ఇలా పెట్టండి. చీలిన ఏడు కేసుల్నీ పడేయొద్దు, ఇప్పుడు అవే పనికొస్తాయి. అదే లాట్‌వి, అన్నేసి సార్లు పేలినవి కాబట్టి మందం, బరువు మీ మిగతా కేసులతో సరిపోతాయి. ప్రైమర్ (కేసు అడుగున పౌడర్‌ని అంటించే చిన్న బిళ్ల) తీసి, కడిగి, పూర్తిగా ఆరిన కేసుల మీదే పని. నెక్ లోపల 750 పెయింటు, బయట షోల్డర్ కిందినుంచి నడుం దాకా 450 పెయింటు నిలువు గీతగా పూసి ఆరనివ్వండి. నెక్ బయట పూస్తే లాభం లేదు, మంట నేరుగా తగిలి పెయింటే మాడిపోతుంది.

టార్చ్ వెలిగించి ఐదు నిమిషాలు ఊరికే వదిలేయండి, మెషీన్ రేకూ మంటా స్థిరపడాలి. మంట లోపలి ముదురు నీలి శంకువు కొన కేసుకి తగిలీ తగలనట్టు, నెక్ షోల్డర్ కలిసే చోటికి గురిపెట్టండి. మూతికి గురిపెట్టడం మామూలుగా జరిగే తప్పు. మూతి అంచు పల్చన, అక్కడ వేడి పోవడానికి దారి ఉండదు, షోల్డర్ చల్లగా ఉండగానే అది అతిగా కాలిపోతుంది. మూడు సెకన్లతో మొదలెట్టి, ఒక్కో కేసుకి అర సెకను పెంచుకుంటూ పోండి. నెక్ లోపలి పెయింటు కరిగినప్పుడు కనీస హద్దు దాటినట్టు. అక్కడినుంచి లైట్లార్పి, మూతి దగ్గర తొలి మసక ఎరుపు కనిపించే దాకా ఇంకాస్త పెంచండి. ఆ కేసుని చల్లారనిచ్చి బయటి గీత చూడండి. 450 పెయింటు షోల్డర్‌కి పావు అంగుళం, మహా అయితే ఇంకాస్త కింద దాకా కరిగి ఆగాలి. అంతకంటే కిందికి పాకితే సెకన్లు ఎక్కువయ్యాయని కాదు, మంట బలం తక్కువైందని. వేడి నెమ్మదిగా ఎక్కితే అడుగుకి పాకడానికి దానికి తీరిక దొరుకుతుంది. మంట పెంచి, సెకన్లు తగ్గించండి. నాలుగు నుంచి ఆరు సెకన్లలో పని ముగిసేలా మంట ఉంటే బాగుంటుంది, పది సెకన్లు పడుతోందంటే ఎక్కడో లోపం ఉంది.

223కి ఇదంతా మళ్లీ మొదటినుంచి చేయాలి. కేసు చిన్నది, ఇత్తడి తక్కువ, అడుగు మంటకి దగ్గర. క్రీడ్‌మోర్ సెకన్లు దానికి వాడితే మాడిపోతుంది. 223 మూడొందలూ ఒకే కంపెనీవా? రేంజ్‌లో ఏరుకొచ్చినవైతే హెడ్‌స్టాంపు (అడుగున అచ్చుకొట్టిన కంపెనీ గుర్తు) చూసి విడదీయండి. కంపెనీ మారితే నెక్ మందం మారుతుంది, అదే మంట కింద ఒకటి పచ్చిగా, ఇంకోటి అతిగా కాలుతుంది. ఇక్కడ ఏ మెషీనూ, ఏఎమ్‌పీతో సహా, మీ బదులు కేసుల్ని ఏరి పెట్టదు.

కాలిందో లేదో చేత్తో చూడాలంటే, పరీక్ష కేసు నెక్‌ని ప్లయర్స్‌తో కొద్దిగా నొక్కి వదలండి. సరిగ్గా కాలినది కాస్త ఒత్తిడికి లొంగి, కొంత వెనక్కి వస్తుంది. అతిగా కాలినది నొక్కిన చోటే అణిగి ఉండిపోతుంది. అసలు లొంగక, వదలగానే ఎగిరి వెనక్కొస్తే ఇంకా గట్టిగానే ఉంది. ఇది మోటు పరీక్షే. అసలు తీర్పు డైలో తెలుస్తుంది. అనీలింగ్ చేసిన పది కేసుల్ని సైజ్ చేసి షోల్డర్ కొలవండి. డై సెట్టింగ్ మార్చకుండానే షోల్డర్ మునుపటికంటే ఎక్కువ వెనక్కి పోతుంది, మెత్తని ఇత్తడి తిరగబడదు కదా. కాబట్టి డైని మళ్లీ సరిచేసి 0.002కి తెచ్చుకోండి. ఈ పని మరిచి పాత సెట్టింగ్‌తోనే అన్నీ సైజ్ చేస్తే షోల్డర్ అతిగా వెనక్కిపోయి, పేలినప్పుడు కేసు నిలువునా సాగి, అడుగుకి కాస్త పైన పల్చబడుతుంది. కొన్ని ఫైరింగుల తర్వాత అక్కడ తెల్లటి ఉంగరంలా గీత కనబడుతుంది, చివరికి కేసు రెండు ముక్కలవుతుంది. దీన్ని ఏ అనీలింగూ బాగుచేయదు.

అతిగా మెత్తబడిన నెక్ గుర్తులు వేరు: బుల్లెట్ దిగేటప్పుడు షోల్డర్ నలిగి ఉబ్బడం, వేలితో నెడితే బుల్లెట్ లోపలికి జరగడం. అలాంటి కేసులు పక్కన పెట్టేయండి.

పని వరుస: ప్రైమర్ తీయడం, శుభ్రం చేయడం, ఆరబెట్టడం, అనీలింగ్, లూబ్, సైజింగ్, ట్రిమ్మింగ్. సైజింగ్ తర్వాత అనీలింగ్ చేస్తే డై ఇచ్చిన కొలతలు మారతాయి, ఆ శ్రమంతా వృథా. స్టీలు పిన్నులతో తడి టంబ్లింగ్ (కేసుల్ని నీళ్లలో దొర్లించి కడగడం) చేసేవాళ్లకి ఇంకో చిక్కుంది. నెక్ లోపలి మసి మొత్తం పోయి ఇత్తడి బొత్తిగా పొడిబారుతుంది, బుల్లెట్ ఒరుసుకుంటూ దిగుతుంది, కొన్ని గట్టిగా, కొన్ని తేలిగ్గా. దీన్ని అనీలింగ్ లోపం అనుకుంటారు. నెక్ లోపల కాస్త పొడి గ్రాఫైట్ పూస్తే తేడా పోతుంది.

మీ క్రీడ్‌మోర్ డైలో ఎక్స్‌పాండర్ బంతి ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, మిగిలిన డబ్బులో కొంత బుషింగ్ డైకి (నెక్‌ని నొక్కే ఉంగరాన్ని, అంటే బుషింగ్‌ని, కావలసిన కొలతకి మార్చుకోగల డైకి) ఖర్చుపెట్టండి. లోడ్ చేసిన తూటా నెక్ బయటి కొలత తీసుకుని, అందులోంచి 0.002 లేదా 0.003 తగ్గించి బుషింగ్ ఎంచుకోవాలి. 0.291 వస్తే 0.289 లేదా 0.288. మామూలు డై నెక్‌ని అవసరానికి మించి నొక్కి మళ్లీ తెరుస్తుంది, ఆ కదలిక తగ్గితే నెక్ గట్టిపడటమే తగ్గుతుంది.

నీళ్ల సంగతి: అవసరం లేదు. ఇత్తడి ముంచినా మెత్తగానే ఉంటుంది, ముంచకపోయినా మెత్తగానే ఉంటుంది. వేడి అడుగుకి పాకకుండా ఆపడానికని కొందరు ముంచుతారు. నాలుగైదు సెకన్ల మంటకి, గాల్లో చల్లారే కేసుకి ఆ భయం లేదు. నీళ్లలో వేస్తే లోపలి తడి ఆరబెట్టే పని అదనం, ఆరిందనుకున్న ఒక్క కేసులో చుక్క మిగిలినా పౌడర్ పాడవుతుంది. ఇనుప ట్రేలో పడనివ్వండి. ప్లాస్టిక్ డబ్బా పెడితే మొదటి పది కేసులకే అడుగు కరుగుతుంది.

లోడ్ చేసిన తూటాని, ప్రైమర్ ఉన్న కేసుని మంట దగ్గరికి తేవద్దని మీకు చెప్పక్కర్లేదు. కానీ తొట్టిలో గుప్పెళ్లకొద్దీ పోసేటప్పుడు ప్రైమర్ తీయని కేసు ఒకటి కలిసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, పోసేముందు అడుగులు ఒకసారి చూడండి. పౌడర్ డబ్బాలు ఆ పూటకి వేరే గదిలో పెట్టండి. అతిగా కాలిన ఇత్తడినుంచి వచ్చే జింకు పొగ పీల్చకూడదు.

శుభ్రం చేయడానికి అమోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌లు వాడొద్దు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో మన దేశంలోనే ఈ పాఠం నేర్చుకున్నారు. వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి కేసులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, వానాకాలపు తేమ కలిసి చేసిన పని అది. సీజన్ క్రాకింగ్ అనే పేరు దానికి అలా వచ్చింది. 1920ల మొదట్లో కారణం తేలాక, కేసుల్ని వేడిచేసి ఆ ఒత్తిడి తీసేయడమే మందుగా నిలిచింది. మీరు లోడ్ చేసి నెలల తరబడి పెట్టెలో ఉంచే తూటాలకీ ఇది వర్తిస్తుంది. గట్టిపడ్డ నెక్‌లో బుల్లెట్ బిగిస్తే ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది, పేల్చకముందే పెట్టెలోనే చీలిన నెక్‌లు కనబడతాయి.

ఎన్నిసార్లకోసారి చేయాలి? మెషీన్ ఉంది కాబట్టి క్రీడ్‌మోర్‌కి ప్రతి ఫైరింగ్ తర్వాతా చేయండి. ఖర్చు కొంచెం గ్యాసే, అన్ని కేసులూ ఎప్పుడూ ఒకే స్థితిలో ఉంటాయి. 223కి మూడు నాలుగు ఫైరింగులకోసారి చాలు, కానీ ఆ మూడొందలూ ఒకేసారి చేయాలి. సగం చేసి సగం వదిలేసి, తర్వాత రెండూ కలిపేస్తే చేయకపోవడం కంటే అన్యాయం. డబ్బా మీద లాట్, ఎన్ని ఫైరింగులు, నాబ్ అంకె, సెకన్లు రాసి అంటించండి.

నెక్‌లు చీలడం ఆగాక మీ కేసుల ఆయుష్షు ప్రైమర్ పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) చేతిలో ఉంటుంది. ప్రైమర్ చేతికి బొత్తిగా తేలిగ్గా దిగుతోందంటే ఆ కేసు పని అయిపోయినట్టే, నెక్ ఎంత బాగున్నా పడేయండి. ఐదారు ఫైరింగులకే అన్ని కేసుల్లోనూ అలా అవుతోందంటే మీ లోడు పీడనం ఎక్కువగా ఉంది. పౌడర్ మోతాదు లోడింగ్ మాన్యువల్‌తో ఒకసారి సరిచూసుకోండి.